వారంటీ కాగితం – జామీను మనిషి



డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరినప్పుడు, ఎప్పటిలాగే కరువు భత్యం గురించో, వైద్య ఖర్చుల గురించో వ్రాద్దామనుకున్నాను. కాని గత సర్వసభ్య సమావేశంలో జరిగిన చర్చ నా ఆలోచనను మరో దారి పట్టించింది. సంఘ కార్యాలయంలోని పాత కంప్యూటరు చెడిపోలేదు. అయితే అందులో ఉన్న విండోస్ 10 కు కంపెనీవారు మామూలుగా పంపే సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. జీవన ప్రమాణ పత్రాల పని, బ్యాంకు పని ఇక దాని మీద చేయడం క్షేమం కాదన్నారు. కనుక కొత్తది కొనాలి.

ఎక్కడ కొనాలన్న దగ్గర ముప్పావు గంట వాదించుకున్నాం. మూడేళ్ళ వారంటీ ఉన్నది, ధర తక్కువ, ఫోనులోనే ఆర్డరిచ్చి తెప్పిద్దామని కొందరు. రెండువేలు ఎక్కువైనా ఏలూరులోనే, మనకు తెలిసిన కొట్లోనే కొందామని కొందరు. తేలక వచ్చే సమావేశానికి వాయిదా వేశాం. ఆ రోజు నేను నోరు విప్పలేదు. నేను చెప్పదలచినది రెండు నిమిషాల్లో తేలేది కాదు. దాని వెనుక డెబ్బై ఏళ్ళ కథ ఉంది. ఓపికగా చదవగలరని మనవి.

గ్యారంటీకి ముగ్గురు కావాలి

మన వాడుకలో గ్యారంటీ, వారంటీ ఒకటే. చట్టంలో కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 126వ సెక్షను ప్రకారం గ్యారంటీ అంటే జామీను. అందులో ముగ్గురుండాలి: అప్పిచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, వాడు తీర్చకపోతే నేను తీరుస్తానని మధ్యన నిలబడినవాడు. మనకు ఇది ఒకరు చెప్పవలసిన పని లేదు. ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో అప్పు కోసం ఒకరికొకరం ఎన్నిసార్లు జామీను సంతకాలు చేసుకోలేదు! జామీనుదారు ఎవరంటే పక్క సీటులోని మనిషి. ప్రతిరోజూ మొహం చూడవలసిన మనిషి. ఆ సంతకానికి బలం అక్కడే ఉంది.

వారంటీ సంగతి 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో ఉంది. ఆ చట్టం 12వ సెక్షను అమ్మకంలోని షరతులను రెండుగా విడదీసింది. ఒప్పందానికి ప్రాణమైన షరతు తప్పితే కొన్నవాడు సరుకు తిప్పికొట్టవచ్చు. ప్రధానం కాని అదనపు మాట తప్పితే నష్టపరిహారం మాత్రమే అడగవచ్చు. సరుకు వద్దనడానికి వీల్లేదు. ఈ రెండో దానికే చట్టం పెట్టిన పేరు వారంటీ. అంటే మనం ఎంతో పెద్దదనుకునే ఆ మాట చట్టంలో చిన్నదే. పైగా అందులో ఉన్నది ఇద్దరే: అమ్మినవాడు, కొన్నవాడు. మధ్యన నిలబడే మూడో మనిషి లేడు.

మన ఊళ్ళవాళ్ళు మాత్రం మొదటినుంచీ “గ్యారంటీ ఉందా?” అనే అడిగారు. పొరపాటు మాటే అయినా అందులో న్యాయం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వాళ్ళు వెతికింది కాగితాన్ని కాదు, జామీను మనిషిని.

రేడియో పెట్టె రోజులు

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. ఆ తర్వాత పదేళ్ళలో మన ప్రాంతపు నడిమితరగతి ఇళ్ళలోకి ఒక్కొక్కటిగా రేడియోలు వచ్చాయి. పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టవలసిన రోజులవి. మా నాన్నగారు 1956 ప్రాంతంలో ఒక వాల్వుల రేడియో కొన్నారు. దానితోపాటు అట్టలాంటి గ్యారంటీ కార్డు ఒకటి వచ్చింది. దాన్ని ఇంటి దస్తావేజులతోపాటు ఇనప్పెట్టెలో పెట్టారు. ఎనిమిది నెలలకు రేడియో మూగబోయింది. కార్డు మీదున్న చిరునామా మద్రాసుది. ఉత్తరం వ్రాస్తే పెట్టెను భద్రంగా ప్యాక్ చేసి రైలు పార్సిలులో పంపమని జవాబు వచ్చింది. గాజు వాల్వులున్న పెట్టె మద్రాసు వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఏం మిగులుతుందని మా అమ్మగారి ప్రశ్న.

చివరకు పవరుపేటలో రేడియోలు బాగుచేసే ఒకాయన వచ్చి, వెనక అట్ట విప్పి, దుమ్ము ఊది, ఒక వాల్వు మార్చి వెళ్ళారు. ఆయన ఏ కార్డూ ఇవ్వలేదు. “మళ్ళీ ఆగితే కబురు చేయండి” అన్నారు, అంతే. ఆ రేడియో మరో పద్దెనిమిదేళ్ళు పలికింది. ఆయన మరో అయిదారుసార్లు వచ్చి ఉంటారు.

అప్పట్లో కొల్లేటి లంక గ్రామాలవాళ్ళు రేడియోలను, పంపు ఇంజన్ల భాగాలను పడవల మీద గట్టుకు చేర్చి, అక్కడినుంచి ఏలూరు తెచ్చుకునేవారు. తడవకుండా తుండుగుడ్డల్లో చుట్టి, చంటిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని వచ్చేవారిని నేను చూశాను. నేను తాడేపల్లిగూడెంలో ఉద్యోగం చేసిన రోజుల్లో అక్కడి ఉల్లిపాయల మార్కెట్టుకు వచ్చే లారీలకు కూడా ఇదే తీరు. లారీ కంపెనీ ఎక్కడో ఉత్తరాదిన ఉంటుంది. సరుకు కుళ్ళకుండా బండిని రాత్రికి రాత్రి కదిలించేది రోడ్డు పక్క షెడ్డులోని మేస్త్రీ. అతనికి ఇంగ్లీషు కేటలాగు చదవడం రాదు. ఇంజను శబ్దం వినడం వచ్చు.

మరమ్మతు దగ్గర లేనిదే యంత్రం నిలవదని దేశానికి పెద్ద ఎత్తున తెలిసివచ్చిన సందర్భం ఒకటుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ చూపించే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలను ఎంచుకున్నారు. సెట్లను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. సెట్లు పంపి ఊరుకోలేదు. గ్రామాలకు అందుబాటులో మరమ్మతు కేంద్రాలను, వాటికి ఉపకేంద్రాలను కూడా ఏర్పాటుచేశారు. కరెంటే సరిగా రాని పల్లెలో సెట్టు ఆగితే, బాగుచేసేవాడు దగ్గర లేకపోతే, ఆకాశంలో ఉపగ్రహం ఉండి ఏం లాభం?

ఈసీఐఎల్ సంస్థాపకులు డాక్టరు ఎ.ఎస్. రావుగారు, అంటే అయ్యగారి సాంబశివరావుగారు, మన పశ్చిమ గోదావరి బిడ్డే. 1914లో భీమవరం దగ్గరి మోగల్లులో పుట్టారు. 1967లో ఈసీఐఎల్ ఏర్పడింది. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును ఆ సంస్థ అందించింది. మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్లలో అదొకటి. తయారుచేయడం చేతనైతేనే బాగుచేయడం చేతనవుతుందని నమ్మిన తరం ఆయనది.

కంపెనీ వెళ్ళిపోయింది, యంత్రం నిలిచింది

ఇక కంప్యూటర్ల దగ్గరకు వద్దాం. తొలి రోజుల్లో కంప్యూటరుకు వారంటీ అన్న మాటే పెద్దగా వినపడేది కాదు. కారణం, అది అమ్మే వస్తువు కాదు, అద్దెకిచ్చే వస్తువు. ఐబీఎం కంపెనీ యంత్రాన్ని నెలసరి అద్దెకు ఇచ్చేది. యంత్రం తమది గనుక మరమ్మతూ తామే చూసుకునేవారు. యంత్రం ఆగితే తమ అద్దెకే ఎసరు. ఇల్లు అద్దెకిచ్చినవాడు కప్పు కారితే బాగుచేయించినట్లే. 1956లో అమెరికాలో ప్రభుత్వం వేసిన దావా ఒక రాజీతో ముగిసింది. దాని ప్రకారం ఐబీఎం యంత్రాలను అమ్మకానికి కూడా పెట్టాలి. బయటి మరమ్మతుదారులకు విడిభాగాలు, సమాచారం అందించాలి. స్వతంత్ర మరమ్మతుదారుకు కంప్యూటరు ప్రపంచంలో చట్టబద్ధమైన చోటు దొరకడం అక్కడ మొదలైందని చెప్పవచ్చు.

మన దేశంలోకి ఐబీఎం 1951లో వచ్చింది. 1960లలో రైల్వేలవంటి పెద్ద సంస్థల్లో ఐబీఎం 1401 యంత్రాలు వెలిశాయి. అందులో చాలా భాగం విదేశాల్లో వాడి తీసినవి. ఇక్కడ బాగుచేసి అద్దెకు ఇచ్చారు. 1973లో విదేశీ మారకద్రవ్య చట్టం వచ్చింది. విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్నది నియమం. జనతా ప్రభుత్వంలో జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా పట్టుబట్టారు. ఐబీఎం ఒప్పుకోలేదు. 1978లో దేశం విడిచి వెళ్ళింది.

పోయినవారు పోగా, యంత్రాలు ఇక్కడే ఉన్నాయి. జీతాల బిల్లులు, రైల్వే లెక్కలు వాటిలోనే ఉన్నాయి. వాటిని ఎవరు చూస్తారు? ఈ ప్రశ్న వస్తుందని ముందే ఊహించి 1975 డిసెంబరులోనే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థను స్థాపించారు. పేరు చూడండి: తయారీ కాదు, అమ్మకం కాదు, మెయింటెనెన్స్. సీఎంసీ ఇంజనీర్లు, వారిలో ఐబీఎంలో పనిచేసినవారు కూడా ఉన్నారు, వందలాది యంత్రాలను తమ చేతుల్లోకి తీసుకున్నారు. తయారుచేసిన కంపెనీయే లేని యంత్రాలను ఏళ్ళ తరబడి నడిపారు. వారంటీ ఇచ్చేవాడు ఎవడూ లేడు. జామీను నిలిచినవారు ఉన్నారు.

ఆ మరమ్మతు సంస్థే తర్వాత రైల్వే రిజర్వేషన్ల కంప్యూటరు వ్యవస్థను తయారుచేసింది. 1980లలో ఢిల్లీలో మొదలై సికింద్రాబాదు వరకూ వచ్చిన ఆ సదుపాయం లేకపోతే మనలో ఎంతమందిమి ఇంకా క్యూలలో నిలబడి ఉండేవాళ్ళమో! ఇతరుల యంత్రాలను విప్పి, బిగించి నేర్చిన చేతులు సొంత వ్యవస్థను కట్టాయి. 2001లో సీఎంసీ టాటాల చేతికి వెళ్ళింది. 2015లో టీసీఎస్ లో కలిసిపోయింది.

బల్ల మీది కంప్యూటరు

1981 ఆగస్టులో ఐబీఎం అమెరికాలో చిన్న కంప్యూటరును విడుదల చేసింది. దాన్ని బజారులో దొరికే భాగాలతో కట్టింది. లోపలి అమరికను వివరించే పుస్తకాన్ని కూడా ప్రచురించింది. దాంతో లోకంలో ఎవరైనా అలాంటిదే కూర్చవచ్చునన్నమాట. మన దేశంలో 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటరు విధానం తెచ్చింది. 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో చేరడంతో కంప్యూటరు భాగాల మీద దిగుమతి సుంకాలు క్రమంగా తగ్గాయి. మద్రాసు రిచీ స్ట్రీటులోను, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోను భాగాలు కొనుక్కుని ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం కుర్రాళ్ళు కంప్యూటర్లు కూర్చడం మొదలుపెట్టారు. “అసెంబుల్డ్” అన్న మాట మనకు అప్పుడే తెలిసింది.

మనం మాత్రం అంత సులువుగా కంప్యూటరును ఆదరించలేదు. బ్యాంకు ఉద్యోగుల సంఘాలు ఎన్నో పోరాటాల తర్వాతే 1983లో యంత్రీకరణ ఒప్పందం చేసుకున్నాయి. ఉద్యోగాలు పోతాయని మనమూ భయపడ్డాం. ఆ భయం నిరాధారమని ఇప్పుడూ అనను. కాని 2002లో మన పశ్చిమ గోదావరి జిల్లాలో మండలాల్లో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు తెరిచి, వాటిని స్వయం సహాయక బృందాల మహిళల చేతిలో పెట్టినప్పుడు నా అభిప్రాయం కొంత మారింది. ఊరి ఆడపిల్ల కంప్యూటరు ముందు కూర్చుని కరెంటు బిల్లు కట్టించుకుంటుంటే చూడముచ్చటగా ఉండేది. అయితే ఆ యంత్రం ఆగిన రోజు కేంద్రం తలుపు మూతే. ఎంత త్వరగా బాగయితే ఆ బృందానికి అంత ఆదాయం.

నా కంప్యూటరు కథ

నేను 2002 మార్చిలో రిటైరయ్యాను. గ్రాట్యుటీలో కొంత తీసి, జూన్ లో విజయవాడలో ఒక పేరున్న కంపెనీ కంప్యూటరు కొన్నాను. ఏడాది వారంటీ. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఆ ఏడాది మన సంఘం నాకొక పని అప్పగించింది: సభ్యుల వివరాలు, ముఖ్యంగా కుటుంబ పెన్షను పొందుతున్న మన సోదరీమణుల పీపీవో నంబర్లు, చిరునామాలు, నామినీల పేర్లు ఒక జాబితాగా తయారుచేయాలి. కొందరి ఇళ్ళకు సైకిలు మీద వెళ్ళి, ట్రంకుపెట్టెల్లోంచి తీయించిన కాగితాలు చూసి వ్రాసుకువచ్చాను. రెండు వేళ్ళతో నాలుగు నెలలు టైపు చేశాను. ఫ్లాపీలోకి నకలు తీసుకోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. అది నా తప్పే.

2003 ఏప్రిల్ లో, పదో నెలలో, యంత్రం ఆగిపోయింది. పెట్టెను దుప్పట్లో చుట్టి బస్సెక్కి విజయవాడ తీసుకువెళ్ళాను. లోపలి బోర్డు చెన్నై పంపాలన్నారు. ఏడు వారాలు గడిచాయి. బాగైందని ఇచ్చారు. మూడు వారాలు నడిచి మళ్ళీ ఆగింది. తిరిగి వెళితే, “మీ వారంటీ ముగిసిందండీ. కొత్త బోర్డు వేయాలి, నాలుగువేల అయిదువందలు” అన్నారు. హార్డ్ డిస్కు కూడా అనుమానంగా ఉందనీ, మార్చితే పాతది తమకే చెందుతుందనీ చెప్పారు. కాగితం చూపించారు. నిజమే, చిన్న అక్షరాల్లో వ్రాసి ఉంది. వస్తువుకు వారంటీ ఉంది గాని, వస్తువులో మనం దాచుకున్నదానికి లేదు. మన జాబితా వారికి అక్కరలేని పాత డిస్కు.

అదే కాగితంలో ఇంకో షరతు ఉంది. కరెంటు హెచ్చుతగ్గులు, తేమ, ఎలుకలు, పురుగుల వల్ల కలిగిన నష్టానికి బాధ్యత లేదని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేపల చెరువుల మోటార్లు ఒక్కసారి వేస్తే దీపాలు మిణుకుమనే ప్రాంతం మనది. గోడలకు వానాకాలమంతా చెమ్మే. ధాన్యం ఉన్న ఇంట ఎలుక లేకుండా ఉంటుందా? కొల్లేటి గాలి తగిలిన ఊళ్ళో ఆ నాలుగూ తీసేస్తే కంప్యూటరుకు వచ్చే జబ్బు ఇంకేముంది?

పెట్టెను వెనక్కి తెచ్చుకున్నాను. పవరుపేటలో ఒక కుర్రాడు కంప్యూటర్లు బాగుచేస్తాడంటే వెళ్ళాను. మూత విప్పి, దీపం దగ్గరగా పెట్టి చూశాడు. “బాబాయిగారూ, ఇటు చూడండి” అన్నాడు. బోర్డు మీద చిన్న డబ్బాల వంటివి నాలుగు, నెత్తి మీద పొంగి, ఒకటి గోధుమరంగు జిగురు కారుతూ కనిపించాయి. కెపాసిటర్లట. ఆ సంవత్సరాల్లో, సుమారు 1999 నుంచి 2007 వరకు, నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్ల వల్ల ప్రపంచమంతటా లక్షలాది బోర్డులు ఇలాగే పాడయ్యాయని తర్వాత తెలుసుకున్నాను. మా ఇంటిదీ లోకంలోని జబ్బే. దాన్ని చూడడానికి కావలసింది దీపం, కళ్ళు, మూత విప్పే ఓపిక.

పాతవి తీసి, అదే లెక్కలో వేడికి కాస్త ఎక్కువ తట్టుకునేవి నాలుగు అతికాడు. సాయంత్రానికి తెర వెలిగింది. జాబితా ఉన్నది ఉన్నట్లు కనిపించింది. నా కళ్ళు చెమర్చాయని చెప్పడానికి సిగ్గుపడను. రెండువందలు తీసుకున్నాడు. ముందు జాబితాను రెండు ఫ్లాపీల్లోకి ఎక్కించి నా చేతిలో పెట్టి, తర్వాతే డబ్బు ముట్టాడు.

మాటల్లో వాళ్ళ నాన్నగారి పేరు చెప్పాడు. 1956లో మా రేడియోకు వాల్వు మార్చినాయనే! తండ్రి వాడిన టంకం కర్రను చూపించాడు. రేడియోల కాలం పోయి టీవీలు వచ్చాయి, టీవీల కాలం పోయి కంప్యూటర్లు వచ్చాయి. కొట్టు మాత్రం అదే, బల్ల అదే, “మళ్ళీ ఆగితే కబురు చేయండి” అన్న మాటా అదే. ఆ జాబితా ఆధారంగా ఆ సంవత్సరమే కొందరు సోదరీమణుల బకాయిల దరఖాస్తులు పెట్టగలిగాం. వాటి వెనుక ఆ రెండువందల పని ఉందని వారికి తెలియదు.

రెండో వైపు కూడా చూద్దాం

ఊళ్ళో మరమ్మతుదారులందరూ అటువంటివారేనని అనను. మంచి భాగం తీసి నాసిరకంది బిగించినవారున్నారు. బిల్లు అడిగితే మొహం చిట్లించేవారున్నారు. రేపు, ఎల్లుండి అని నెల తిప్పేవారున్నారు. దొంగ సాఫ్ట్‌వేరు ఎక్కించి, దాంతోపాటు వైరసునూ ఇచ్చినవారున్నారు. అలాగే కంపెనీ వారంటీ వల్ల మేలు పొందినవారూ మన సభ్యుల్లో ఉన్నారు. ఈనాటి ల్యాప్‌టాప్‌లలో చాలా భాగాలు బోర్డుకే అతికి ఉంటాయి. ఒకటి పోతే బోర్డంతా మార్చవలసిందే; ఆ ఖర్చు కంపెనీ భరించడం చిన్న విషయం కాదు. వారంటీ వద్దని నేననడం లేదు. అది ఎంత దూరంలో ఉందో చూసుకోమంటున్నాను.

వారంటీలో ఎప్పుడూ చేరనివీ కొన్ని ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. ఆ బుడమేరు చివరకు వచ్చి కలిసేది మన కొల్లేట్లోనే. ఇళ్ళలో ఫ్రిజ్‌లు, టీవీలు, కంప్యూటర్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. మామూలు వారంటీలో వరద నష్టం చేరదు. అటువంటప్పుడు బురద కడిగి, ఆరబెట్టి, ఏది బతుకుతుందో ఏది బతకదో నిజం చెప్పే చేయి దగ్గరలో కావాలి.

చట్టం ఎంత దూరం వచ్చింది?

అమెరికాలో 1975లో వచ్చిన వారంటీ చట్టం ఒక మంచి నియమం పెట్టింది. ఉచితంగా ఇస్తే తప్ప, “మా భాగాలే వాడాలి, మా దగ్గరే బాగుచేయించాలి, లేకపోతే వారంటీ చెల్లదు” అని కంపెనీ మెలిక పెట్టరాదు. మన దేశంలో 2014లో కాంపిటీషన్ కమిషన్, విడిభాగాలను బయటి మెకానిక్కులకు అందనివ్వలేదన్న కారణంతో 14 కార్ల కంపెనీలకు రమారమి 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. దాని మీద అప్పీళ్ళు నడిచాయి. అయినా బయటి మెకానిక్కుకూ హక్కుందన్న సంగతి రికార్డుకెక్కింది. 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం ‘మరమ్మతు హక్కు’ పోర్టల్ ప్రారంభించింది. 2024లో ఐరోపా సమాఖ్య కూడా మరమ్మతు హక్కు మీద ఆదేశం తెచ్చింది.

మనకు దగ్గరగా ఉపయోగపడేది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఇది 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. వస్తువు ఎక్కడ కొన్నా, కంపెనీ ఎక్కడున్నా, మనం నివసించే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చు. అంటే ఏలూరు జిల్లా కమిషన్ మెట్లెక్కితే చాలు, చెన్నై పోనక్కరలేదు. వస్తువుకు చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. కారణం ఏర్పడిన రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయాలి. 1915 నంబరుకు ఫోను చేసి కూడా సలహా పొందవచ్చు. 2003లో నేను ఆ పని ఎందుకు చేయలేదంటారా? 1986 నాటి చట్టం అప్పటికే ఉంది. బద్ధకం, మొగమాటం. మీరు నాలా చేయవద్దు.

నా విన్నపం

కంప్యూటరు గాని, ఫ్రిజ్ గాని, చెవి మిషను గాని కొనేముందు వారంటీ ఎన్నేళ్ళు అని అడగడంతో ఆగకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఆగితే ఎక్కడికి తీసుకుపోవాలి? ఎవరు చూస్తారు? అందులో ఉన్న మన సమాచారం ఏమవుతుంది? బిల్లు, వస్తువు మీది నంబరు ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకోండి. మరమ్మతుకు ఇచ్చేముందు మన కాగితాలకు నకలు తీసి ఉంచండి. బాగుచేసిన వ్యక్తి దగ్గర రసీదు తీసుకోండి; తీసిన పాత భాగాన్ని అడిగి పుచ్చుకోండి.

మన సంఘం విషయంలో నా సూచన ఇది. కంపెనీ వారంటీ ఉన్న యంత్రాన్నే కొందాం. కాని దాన్ని మన ఊరి కొట్లో, ఆగిన రోజు ఎదురుగా వెళ్ళి నిలబడగల మనిషి దగ్గర కొందాం. తేడా అయిన రెండువేలను జామీను రుసుమనుకుందాం. ఏటా మరమ్మతు కోసం కొంత మొత్తం సంఘ బడ్జెటులో కేటాయించుకుందాం. పాత యంత్రాన్ని పారేయవద్దు. ఇంటర్నెట్టు తగిలించకుండా టైపు పనికి వాడుకోవచ్చునని పవరుపేట అబ్బాయి చెప్పాడు. అబ్బాయి అంటున్నాను గాని, అతని తలా నెరిసింది.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాదానం కాదు, హక్కు అని తీర్పు ఇచ్చింది. అందుకే ఈ రోజును పండుగలా చేసుకుంటున్నాం. ఆ తీర్పు కాగితం మీద ఉంది. మన పీపీవో కూడా కాగితమే. అయినా ఒకటో తారీకున డబ్బు పడనప్పుడు ఆ కాగితాన్ని పట్టుకుని మనం ఎవరి దగ్గరకు వెళ్ళాం? ట్రెజరీలో తెలిసిన గుమాస్తా దగ్గరకు, లేదా మన సంఘ కార్యాలయంలో బల్ల ముందు కూర్చున్న మిత్రుడి దగ్గరకు. హామీ ఎక్కడో పుడుతుంది. దాన్ని నిలబెట్టేవాడు మన వీధిలో ఉండాలి. మన సంఘం ఇన్నేళ్ళుగా చేస్తున్న పని అదే. పవరుపేట కొట్టు చేస్తున్న పనీ అదే.

వచ్చే సమావేశంలో సభ్యులందరూ ఈ విషయం ఆలోచించి నిర్ణయం తీసుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మీ సహ పెన్షనరు, ఏలూరు